శుక్రవారం సాయంత్రం దాకా

మొన్న మధ్యాహ్నం భోజనమయ్యాక వక్కపలుకు నోట్లో వేసుకుని వరండా కుర్చీలో కూర్చున్నానో లేదో, మేడమీద వాటాలో అద్దెకుంటున్నవాళ్ళ అమ్మాయి పుస్తకం పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. బ్యాంకు పరీక్షలకు చదువుతోంది ఆ పిల్ల. మా గుడివాడలో వీధికొక కోచింగ్ సెంటరు వెలిసినా, పొద్దస్తమానం ఫోనులోనే పాఠాలు వింటున్నా, ఎక్కడైనా అడ్డం పడితే మాత్రం రిటైరైన ఇంగ్లీషు టీచరునని నా దగ్గరికే వస్తుంది, అదొక సంబరం నాకు. ఆ రోజు తెచ్చింది ఖాళీ పూరించే ప్రశ్న. దరఖాస్తు ఆఫీసుకు చేరాల్సిన గడువు గురించిన వాక్యం, ఫ్రైడే అన్న మాటకు ముందు చిన్న గీత, కింద నాలుగు జవాబులు. బై పెట్టాలా, అన్‌టిల్ పెట్టాలా మామ్మగారూ, రెండూ ఒకటే కదా, అని అడిగింది.

రెండూ ఒకటి కావమ్మా అని చెప్పి, నలభై ఏళ్ళుగా చెప్తున్న పాఠమే కాబట్టి తడుముకోకుండా వివరించి, ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి మేడెక్కిపోయేదాకా మామూలుగానే ఉన్నాను. తర్వాతే లేవలేకపోయాను. పనిమనిషి వచ్చి అంట్లు తోమి వెళ్ళినా, వీధిలో పాలవాడు కేకేసినా ఆ కుర్చీలోనే ఉండిపోయాను. నా ఈడువాళ్ళకు ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి, ఏదో ఒక చిన్న మాట పట్టుకుని పాతకాలమంతా లేచి వచ్చేస్తుంది. ఇంతవరకు ఇద్దరికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఇది. ఆ ఇద్దరిలో మా ఆయన లేరు, నా పిల్లలూ లేరు. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

మేము పుట్టి పెరిగింది బందరులో. మా నాన్నగారు అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తా. ఎప్పుడో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన రాసిన ఉత్తరంలో డిస్కస్ అన్న మాట తర్వాత అనవసరంగా ఎబౌట్ అని చేర్చారట, పై అధికారి అది అందరి ముందూ గట్టిగా చదివి నవ్వాడట. ఆ నవ్వు ఆయన మరచిపోలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని నాకు పలక ఇచ్చి మొదలుపెట్టేవారు. గుడ్ పక్కన ఎట్ రావాలి, అఫ్రెయిడ్ పక్కన ఆఫ్ రావాలి, మ్యారీడ్ పక్కన టు గాని విత్ కాదు, మనిషి మీద కోపమైతే ఒకటి, వస్తువు మీద కోపమైతే ఇంకొకటి. పొడుగాటి నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో గీతలు గీసి, ఎడమ పక్క మాట, కుడి పక్క దాని వెంట రావలసిన చిన్న ముక్క రాసి పెట్టారు. పెద్ద పెద్ద మాటలు ఎవడైనా నేర్చుకుంటాడే, చిన్న మాటల దగ్గరే మనిషి దొరికిపోతాడు, అనేవారు.

ఆ పుస్తకమంతా నాకు నోటికి వచ్చేది. బళ్ళో, కాలేజీలో ప్రిపోజిషన్ల ప్రశ్న వస్తే నాకు ఒక్క మార్కు పోయేది కాదు. మన తెలుగులో అలాంటి ముక్కలన్నీ మాట వెనకాల అంటుకుని, పుట్టుకతో వచ్చినట్టు వస్తాయి గనక వాటిని ఎవరూ నేర్చుకోరు. చీకటి పడేకల్లా ఇంటికి రా అని అమ్మ అంటే ఒక అర్థం, చీకటి పడేదాకా ఆడుకో అంటే ఇంకో అర్థం, ఐదేళ్ళ పిల్ల కూడా తికమకపడదు. ఇంగ్లీషులో ఆ రెంటికీ బై, అన్‌టిల్ అని రెండు మాటలున్నాయి. నాన్నగారి నోటుపుస్తకంలో ఆ రెండూ లేవు. వీటిలో పొరపాటు ఎవరు చేస్తారనుకుని రాయలేదో, ఆయనకు తట్టనే లేదో తెలియదు. బళ్ళో మాత్రం మా టీచరు రెంటికీ ఒకే అర్థం చెప్పారు, వరకు అని. ఆ పుస్తకంలో లేనిది ఇంగ్లీషులో ఏమీ ఉండదని నా నమ్మకం.

ఇరవై రెండేళ్ళకు నాకు ఉద్యోగం వచ్చింది. దివిసీమలో, అవనిగడ్డ దాటి, నాగాయలంక దాటి, అక్కడి నుంచి మడ అడవి పక్కగా కాలిబాటన నడిస్తే వచ్చే వేటపల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాల. ఆ ఊరి పేరు రాయను. ఉప్పెన వచ్చి అప్పటికి కొన్నేళ్ళే అయింది. ఆ రోజుల్లో అటువైపు ఎవరిని కదిపినా ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అనే లెక్క చెప్పేవారు. ఇంటికి ఇద్దరో ముగ్గురో పోయినవాళ్ళు, మిగిలినవాళ్ళు కొత్తగా తాటాకు ఇళ్ళు వేసుకుని మళ్ళీ అదే సముద్రం మీద బతుకుతున్నారు. తుపాను వస్తే తలదాచుకోవడానికి కట్టిన సిమెంటు భవనంలోనే నా బడి.

ఒంటరి ఆడపిల్లను అంత దూరం పంపడం ఇష్టంలేక నాన్నగారే వచ్చి, ఊళ్ళో పెద్దమనిషితో మాట్లాడి, ఆయన ఇంటి పక్కగదిలో నన్ను దింపి వెళ్ళారు. అందరూ ఆ పెద్దమనిషిని పెద్దాయన అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. అరవై ఏళ్ళు ఉంటాయేమో, నల్లగా, పొడుగ్గా, నోట్లో ఎప్పుడూ ఆరిపోయిన చుట్ట. ఉప్పెనలో భార్యనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్నాడు. మిగిలింది ఒక్క కూతురు. ఆమె నా ఈడుదే, రెండేళ్ళ పాప ఉండేది. భర్త ఇల్లరికం వచ్చి మామగారి పడవలోనే వేటకు వెళ్ళేవాడు. అక్కడి బావుల్లో నీళ్ళన్నీ ఉప్పన. ఎక్కడో సరుగుడు తోటల దగ్గర ఇసుకలో తవ్విన చెలమ నుంచి మంచినీళ్ళు తేవాలి. పెద్దాయన కూతురు తనకు రెండు బిందెలు తెచ్చుకుంటే మూడోది నా గుమ్మంలో పెట్టి వెళ్ళేది. నేను వద్దంటే నవ్వేది. బదులుగా సాయంత్రాలు దానికి అక్షరాలు నేర్పేదాన్ని. అ నుంచి బండి ఱ దాకా ఒక్క నెలలో వచ్చేశాయి.

ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. ఆఫీసుల కాగితాలన్నీ అప్పట్లో ఇంగ్లీషులోనే వచ్చేవి. నేను చదువుతుంటే చుట్టూ చేరి, నా పెదవుల వంక చూసేవారు. చదివి చెప్పాక, టీచరమ్మ చెప్పింది అని ఊరంతా చాటుకునేవారు. ఇరవై రెండేళ్ళ పిల్లకు అంతకంటే ఏం కావాలి. బందరులో నేను ఎవరినీ కాను, ఆ పల్లెలో మాత్రం నా మాటకు తిరుగులేదు.

చలికాలం రావడానికి ముందు, గాలులు మారే రోజులవి. ఒక బుధవారం మధ్యాహ్నం అప్పుడప్పుడు కాగితాలు తెచ్చే ఆఫీసు బంట్రోతు సైకిలు నడిపించుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చాడు. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు, ఎప్పుడొచ్చినా ముందు అరుగు మీద కూర్చుని చెంబుడు నీళ్ళు తాగి గాని మాట్లాడేవాడు కాదు. చేతిలో రెండు కాగితాలు, ఒకటి మాకు, ఒకటి అవతలి ఊరికి. ఊళ్ళో అందరికీ చెప్పమన్నారమ్మా అని మా కాగితం నాకిచ్చి, ఇంకా నాలుగు మైళ్ళు పోవాలని లేచిపోయాడు. ఊళ్ళో ఉన్న ఒక్క రేడియో అవనిగడ్డలో బాగుకిచ్చారు, ఇంకా రాలేదు.

టైపు కొట్టిన నాలుగు వరుసల కాగితం. సముద్రం అల్లకల్లోలంగా ఉండే అవకాశం ఉందని మొదట. తర్వాత, ఆల్ బోట్స్ షుడ్ బి ఎషోర్ బై ఫ్రైడే ఈవెనింగ్ అని. చుట్టూ ఇరవై మంది నిలబడి ఉన్నారు. నేను గొంతు సవరించుకుని, శుక్రవారం సాయంత్రం దాకా పడవలన్నీ ఒడ్డునే ఉండాలి, అని చెప్పాను.

శుక్రవారం సాయంత్రానికల్లా ఒడ్డుకు చేరుకోవాలి, ఆ తర్వాత ఎవరూ కదలకూడదు అన్నది కాగితంలో సంగతి. శుక్రవారం దాకా ఆగండి, ఆ తర్వాత వెళ్ళవచ్చు అన్నది నేను చెప్పిన సంగతి.

ఉప్పెన చూసినవాళ్ళు, పై నుంచి కబురొస్తే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వినేవాళ్ళు. మాట మీద ఆగారు. గురువారం సముద్రం అద్దంలా ఉంది, చేపలు పడే రోజులు, ఒక్క పడవ కదలలేదు. శుక్రవారం కూడా ఎండ బాగానే కాసింది. కాగితాన్ని నేను గంజి రాసి బడి తలుపుకు అంటించాను, నా చేతి మీదుగా ఊరు నడుస్తోందని లోపల సంతోషం. శుక్రవారం నాలుగింటికి పిల్లలను వదిలేసి తాళం వేస్తుంటే పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. సముద్రం వైపు చాలాసేపు చూశాడు.

"గాలి తిరుగుతుందమ్మా. నాకెందుకో మనసొప్పట్లా. ఆ కాయితం ఇంకోసారి చూడండి."

నేను తలుపు వైపు తిరిగాను. చూశాను అని రాయాలంటే చెయ్యి రావడం లేదు. కళ్ళు ఆ వరుసల మీద పడ్డాయి, అంతే. చదివినదాన్ని మళ్ళీ చదవమనడం నాకు చిన్నతనంగా అనిపించింది.

"శుక్రవారం సాయంత్రం దాకానండి. అదే రాశారు. ఇంకేం లేదు," అన్నాను.

"సరేలేమ్మా. రాసినోళ్ళకి తెలుస్తాది," అని చుట్ట చెవి మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా నాలుగు పడవలు బయలుదేరాయి. ఒక దాంట్లో పెద్దాయనా, అల్లుడూ. తెల్లవారుజాముకు గాలి మొదలైంది. అది ఉప్పెన కాదు, పేరున్న తుపాను కూడా కాదు, తర్వాత ఎవరూ చెప్పుకోనంత మామూలు గాలివాన. ఊరంతా సిమెంటు భవనంలోకి చేరింది. నా బెంచీల మీద పిల్లల్ని పడుకోబెట్టుకుని ఆడవాళ్ళు మాట్లాడకుండా కూర్చున్నారు. శనివారం మధ్యాహ్నానికి తెరచాపలు చిరిగిపోయి, కొనప్రాణాలతో ఉన్న మనుషులతో మూడు పడవలు కొట్టుకొచ్చాయి. నాలుగోది రాలేదు. ఆదివారమూ రాలేదు. పడవ చెక్కలు కూడా తేలలేదు. పెద్దాయన కూతురు పాపను చంకనేసుకుని నీళ్ళ అంచున నిలబడి ఉంటే, ఎంతమంది లాగినా రాలేదు. పాప ఆకలికి ఏడుస్తోంది, అదీ వినబడటం లేదు దానికి.

ఆదివారం సాయంత్రం భవనం మెట్ల మీద ఒక ముసలమ్మ ఎవరితోనో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "శనివారం వచ్చే గాలికి శుక్రవారం దాకా ఆగమనడమేంటి? ఏం రాతరా అది?"

నేను పక్కనే ఉన్నాను. అందరూ వెళ్ళేదాకా ఆగి తలుపు దగ్గరికి వెళ్ళాను. వానకు తడిసి ఆరిన కాగితం, అక్షరాలు కొంచెం అలికినా చదవడానికి ఉంది. ఈసారి చదివాను. మా నాన్నగారు పెట్టెలో పెట్టిచ్చిన డిక్షనరీ తీసి, బీ అన్న అక్షరం దగ్గర వేలు పెట్టి వెతికాను. ఎంతో వెతకాల్సిన పని లేకపోయింది.

తెలియక చేసిన తప్పు అంతటితో అయిపోయింది. తెలిసి చేసినది ఆ తర్వాత మొదలైంది. గోళ్ళతో గీకి ఆ కాగితం ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి నా పెట్టెలో చీరల అడుగున దాచాను.

సోమవారం ఒక అధికారి వచ్చాడు. కబురు అందలేదా అని అడిగాడు. అందింది బాబూ, శుక్రవారం సాయంత్రం దాకా ఉండమన్నారు, ఉన్నాం, అని ఊరంతా ఒకటే మాట. ఆయన కనుబొమలు ముడిచి నా వైపు తిరిగి, కాగితం ఏదమ్మా అన్నాడు. గాలికి ఎగిరిపోయిందండి, అన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

కాగితం తప్పు అని ఊరు తేల్చుకుంది. ఆఫీసువాళ్ళు కంటికి కనబడేవాళ్ళు కాదు గనక ఆ కోపమంతా కాగితం తెచ్చినవాడి మీదకు మళ్ళింది. తర్వాత బంట్రోతు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మిట్టమధ్యాహ్నపు ఎండ, సైకిలు గోడకు ఆనించి, ఎప్పటిలాగా మొదటి ఇంటి అరుగు మీద కూర్చోబోయాడు. ఆ ఇల్లాలు లోపలికి పోయి తలుపేసుకుంది. రెండో ఇంట్లోనూ అంతే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, మంచినీళ్ళు మాత్రం ఇవ్వలేదు. ఆ ఊళ్ళో మంచినీళ్ళు ఇవ్వకపోవడమంటే ఏమిటో చెలమ దాకా నడిచినవాళ్ళకు తెలుస్తుంది. చివరికి నా దగ్గరికి వచ్చాడు. నేను గ్లాసుతో ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టకుండా చేతిలోనే తిప్పుతూ నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, ఆ రోజు నా దగ్గర రెండు కాయితాలున్నాయి. నాకా చదువు రాదు. మీ ఊరిది అవతలి ఊరికి, అవతలి ఊరిది మీకు ఇచ్చానంటారా?"

కాదు అని ఒక్క మాట చాలు. నా పెట్టె పది అడుగుల దూరంలో ఉంది. ఎండ తగ్గాక వెళ్ళండి అన్నాను.

ఆ తర్వాత ఆరు నెలలు అతను నెలకు రెండుసార్లు వస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ నా దగ్గర నీళ్ళు తాగి, ఏదో అడగబోయి మానేసినట్టు కాసేపు నిలబడి వెళ్ళేవాడు. పెద్దాయన కూతురు మాత్రం నా గుమ్మంలో మూడో బిందె పెట్టడం మానలేదు. అక్షరాలు మానేసింది. నాతో మాట్లాడేటప్పుడు కళ్ళెత్తేది కాదు. దానికి అనుమానం వచ్చిందేమోనని నేను ప్రతి రోజూ చచ్చేదాన్ని. వేసవి సెలవుల్లో నాన్నగారు ఎవరి కాళ్ళో పట్టుకుని గుడివాడ దగ్గరి ఊరికి నాకు బదిలీ చేయించారు. బయలుదేరిన రోజు కాలిబాట మీద నడుస్తూ వెనక్కి చూడలేదు.

పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ట్రైనింగు పూర్తిచేసి హైస్కూల్లో ఇంగ్లీషు టీచరునయ్యాను. ఏ క్లాసుకు వెళ్ళినా మొదటి పాఠం బై, అన్‌టిల్ చెప్పేదాన్ని. పిల్లలు నాకు బై టీచరని పేరు పెట్టుకుని చాటున నవ్వుకునేవారు, విననట్టు ఊరుకునేదాన్ని. ఏ కాగితం చదివినా రెండుసార్లు చదివే అలవాటైంది. పెళ్ళి శుభలేఖ కానీ, మందు సీసా మీద చీటీ కానీ, ఒకసారి చదవగానే వెనక ఎవరో నిలబడి, ఇంకోసారి చూడండి అన్నట్టు అనిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. మా ఆయన, ఏమిటే నీ చాదస్తం, అనేవారు. గాలివాన రోజుల్లో తలుపులన్నీ వేసుకుని లోపలి గదిలో కూర్చుంటే ఉరుములంటే భయం కాబోలనుకునేవారు.

అలా పన్నెండు పదమూడేళ్ళు గడిచాయి. ఒకసారి పామర్రులో చుట్టాలింటికి వెళ్ళి, తిరుగు బస్సు కోసం సెంటర్లో నిలబడి ఉన్నాను. బెంచీ మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలాయన నా వంకే చూస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు, జుట్టంతా నెరిసింది. నేను పోల్చుకునేలోపే లేచి నమస్కారం పెట్టాడు.

"దివిసీమ టీచరమ్మగారు కదండీ?"

ఆ బంట్రోతే. రిటైరయ్యాడట, పెడనలో కూతురి దగ్గర ఉంటున్నాడట. అల్లుడిది కలంకారీ అద్దకం పనట. నా పిల్లలెంతమందో అడిగాడు. అతనెక్కాల్సిన బందరు బస్సు ఇంకా రాలేదు. తర్వాత, అప్పటి గ్లాసు ఇంకా చేతిలోనే ఉన్నట్టు సంచీ తిప్పుతూ అన్నాడు.

"ఒక్క మాటమ్మా. ఇన్నేళ్ళైనా నాకు తెమలట్లేదు. ఆ రోజు మీకిచ్చింది మీ ఊరి కాయితమేనా?"

పట్టపగలు, చుట్టూ జనం, పక్కన బత్తాయిలమ్మే ఆవిడ అరుపులు, అక్కడ చెప్పేశాను. మీరిచ్చిన కాగితం సరైనదే, అందులో రాసిందీ సరైనదే, తప్పు చదివింది నేను, దాచిందీ నేను, అని. ఎంత సేపు పట్టిందో తెలియదు. ఇంతలో బందరు బస్సు వచ్చి, ఆగి, కండక్టరు రెండుసార్లు పిలిచి, వెళ్ళిపోయింది. ఆయన కదల్లేదు.

"నాకా ఇంగ్లీషు రాదు, మీకొచ్చు," అన్నాడు. "రాని నేను తప్పు చేశానేమోనని పదమూడేళ్ళు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అనుకున్నానమ్మా." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తేలిగ్గా ఉండేది. తర్వాత అడిగాడు. "ఆ ఊళ్ళో చెప్పారా?"

లేదన్నాను.

"నా సంగతి పోనీండి, ఈ వయసులో నాకేం కావాలి. ఆ పెద్దాయన కూతురుంది. అక్కడికెళ్ళండమ్మా."

ఆ తర్వాతి ఆదివారం మా ఆయనకు ఏదో అబద్ధం చెప్పి, చీరల అడుగున అన్ని ఇళ్ళూ మారుతూ వచ్చిన ఆ కాగితాన్ని తీసి సంచిలో పెట్టుకుని బయలుదేరాను. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, దారి పొడుగునా వరి పొట్ట మీద ఉంది. కాలిబాట ఇప్పుడు మట్టిరోడ్డయింది. పెద్దాయన కూతురు ఇంటి ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. నా ఈడుదే కదా, నాకంటే పదేళ్ళు పెద్దదానిలా కనబడింది. నన్ను చూసి చేతులు తుడుచుకుని మంచం వాల్చింది. టీచరమ్మా అని పిలిచింది, అదే పిలుపు.

నేను కూర్చోకుండానే చెప్పాను. కాగితం తీసి చేతికిచ్చాను. ఆమె దాన్ని విప్పి, మడతల దగ్గర చిరిగిపోకుండా ఒళ్ళో పరుచుకుని చూసింది.

"ఇందులో ఏదండీ?"

వేలు పెట్టి చూపించాను.

"రెండే అక్షరాలా?"

అవునన్నాను. నా పాదాల వంక చూస్తున్నాను, అది ఏం చేసినా పడదామని వచ్చాను, తిట్టినా, మట్టి ఎత్తి పోసినా. ఏమీ చేయలేదు. వంచిన తల ఎత్తకుండా మాట్లాడింది.

"ఆ రోజు నాన్న బళ్ళోంచి ఇంటికొచ్చి కూడా గాలి బాలేదన్నాడండి. ఎల్లను, రేపు చూద్దాం అన్నాడు. ఇంట్లో గింజల్లేవు. నేనే అన్నాను. టీచరమ్మ సదివి చెప్పింది కదా, ఇంకా భయమేంటి, ఎల్లండి నాన్నా అని. మా ఆయన్నీ నేనే లేపి పంపాను." కాగితం అంచు వేలితో సరిచేసింది. "నా చేతుల్తో నేనే సంపుకున్నాననుకున్నాను టీచరమ్మా ఇన్నేళ్ళూ. మీ మొఖం చూడ్డానికి అందుకే నాకు భయంగా ఉండేది. నేనన్న మాట మీరు ఇన్నారేమోనని."

నేను అప్పటిదాకా నా తప్పు రెండు ప్రాణాలదీ, ఒక ముసలాయన దాహానిదీ అనుకున్నాను. పక్కగోడకు అవతల ఇంకొక మనిషి ప్రతి రాత్రీ అదే శుక్రవారాన్ని తవ్వుకుంటూ కూర్చుందని, నేను ఆదివారం సాయంత్రం నోరు విప్పి ఉంటే ఆ బరువు ఆ రోజే దిగిపోయేదని నాకు తట్టలేదు. నేను భయపడి ఆమె కళ్ళు తప్పించుకున్నాను, ఆమె భయపడి నా కళ్ళు తప్పించుకుంది, మధ్యలో మంచినీళ్ళ బిందె ఒకటి రోజూ అటూ ఇటూ నడిచింది.

క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆమె క్షమించాననీ అనలేదు. కాగితాన్ని జాగ్రత్తగా మళ్ళీ నాలుగు మడతలు పెట్టి, ఇది నా దగ్గరుంటాదండీ, అంది. లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఎదురుగా నిలబడి, ఖాళీ గ్లాసు అందుకుని, పొద్దుపోతే బస్సు దొరకదు, ఎల్లండి టీచరమ్మా, అంది. సాగనంపడానికి రాలేదు. మలుపు తిరిగేముందు ఈసారి వెనక్కి చూశాను. చేపలు తిరగేస్తోంది.

మళ్ళీ నేను వెళ్ళలేదు, తనూ కబురు పెట్టలేదు. పెడనలో ఆ ముసలాయన ఆ మరుసటేడే పోయాడని తెలిసింది. ఆ పల్లెలో అతని తప్పేమీ లేదని ఆమె అందరికీ చెప్పిందనీ, పోయే ముందు ఒకసారి ఆ ఊరివాళ్ళు ఇద్దరు పెడన వెళ్ళి అతన్ని చూసి వచ్చారనీ నాగాయలంక నుంచి వచ్చిన ఒక టీచరు చెప్తే విన్నాను. ఊరివాళ్ళు నా గురించి ఏమనుకున్నారని ఆవిణ్ణి అడగలేదు.

ఇప్పుడు గాలివాన వచ్చే ముందు రోజే ఫోన్లన్నీ ఒక్కసారి కూతపెడతాయి. ఫలానా రోజు వరకు వేటకు వెళ్ళరాదని చక్కటి తెలుగులో వస్తుంది. ఆ పల్లెకు ఇప్పుడు తారురోడ్డుందట, ఇంటింటికీ కుళాయి ఉందట, ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలున్నారట. ఎవరికి వాళ్ళే చదువుకుంటారు, అనుమానం వస్తే ఫోన్నే అడుగుతారు. మన రోజుల్లో నాలుగు ముక్కలు చదువుకున్నవాళ్ళు ఊరికొకరుంటే, ఇరవై మంది చుట్టూ చేరి ఊపిరి బిగబట్టి వాళ్ళ పెదవుల వంక చూసేవారు. ఆ చూపు ఈ కాలం పిల్లలకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. ఈ జన్మలో నన్ను మళ్ళీ ఎవరూ అంతగా నమ్మరు. అందుకు ఊరట పడాలో, ఏడవాలో, ఇంత వయసొచ్చినా నాకు తెలియడం లేదు.